పెద్దాయన మరిచిపోయినవి

పెద్దాయన వెళ్ళిన చోటల్లా ఏదో ఒకటి మరిచిపోయి వస్తారు. దీన్ని అలవాటు అనడం తక్కువ చేసి చెప్పడమే. కొందరు వేళ్ళు విరుస్తారు, కొందరు మీసం దువ్వుతారు. ఈయన మరిచిపోతారు.

విమానం దిగిన కాసేపటికే దుబాసికి ఆ సంగతి తెలిసింది. ఆమె, కార్మికశాఖ ఉపకార్యదర్శి గారూ కలిసి పూలగుత్తి పట్టుకుని ఆయనకు ఎదురువెళ్ళారు. పెద్దాయన గుత్తి అందుకున్నారు, నడుం వంచి నమస్కరించారు, కారెక్కారు. కారు పెద్దరోడ్డు ఎక్కాక చూస్తే గుత్తి లేదు. పెట్టె కూడా లేదు.

"పెట్టెకేం, ఎక్కడున్నా ఉంటుంది. పూలే పాపం వాడిపోతాయి" అన్నారు పెద్దాయన తన భాషలో.

దుబాసి దాన్ని తెలుగు చేసింది. ఉపకార్యదర్శి నవ్వలేదు. డ్రైవరు నవ్వాడు, అద్దంలో ఉపకార్యదర్శి కళ్ళు చూసి దగ్గుగా మార్చుకున్నాడు.

పెద్దాయన ఒకప్పుడు తన దేశంలో న్యాయమూర్తి. ఇప్పుడు ఒక అంతర్జాతీయ కమిటీలో సభ్యుడు. పనిచేసే మనుషులు ఎవరి అనుమతీ అడక్కుండా తమ సంఘం తాము పెట్టుకోవచ్చని దేశాలన్నీ కలిసి ఎప్పుడో ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. సంతకం పెట్టడం సులువు. పెట్టాక మీ చట్టంలో ఇదేమిటి, అదేమిటి అని అడగడానికి ఈ కమిటీ ఉంది. అది ప్రతి ఏడూ అడుగుతుంది. కార్మికశాఖ ప్రతి ఏడూ ఒకే జవాబు పంపుతుంది: "పరిశీలనలో ఉంది."

ఆ జవాబు ఉపకార్యదర్శి గారి సొంతం. ఆయన్ని వెనకాల అందరూ పరిశీలనగారు అనేవాళ్ళు. టీ తాగుతారా సార్ అని అడిగితే పరిశీలనలో ఉంది అని, ఆ పరిశీలన పూర్తయ్యేలోగా టీ చల్లారిపోయి, చల్లారినందుకు టీ అబ్బాయిని తిట్టిన చరిత్ర ఆయనకుంది.

కమిటీ ప్రశ్నను తెలుగులోకి, పరిశీలనగారి జవాబును అవతలి భాషలోకి మార్చేది దుబాసి. 'మా దేశంలో పనిచేసే ప్రతి మనిషికీ సంఘం పెట్టుకునే స్వేచ్ఛ ఉంది' అనే వాక్యాన్ని ఆమె నిద్రలో కూడా మూడు భాషల్లో రాయగలదు. ఆమెకు మాత్రం లేదు. కార్మికశాఖలో అనువాదకులంతా కాంట్రాక్టు మనుషులు. చట్టం లెక్కలో కాంట్రాక్టు మనిషి ఉద్యోగి కాదు, కార్మికుడూ కాదు. మరేమిటని ఒకసారి అడిగితే, అదీ పరిశీలనలోనే ఉందని తెలిసింది.

ఏటా కాంట్రాక్టు పొడిగించేది పరిశీలనగారే. ఈ ఏడు ఇంకా పొడిగించలేదు.

"ఏమ్మా, ఆయన పక్కనే ఉండు. నీడలాగా" అన్నారాయన మొదటిరోజు. "ఎవరు ఏం చెప్పారో సాయంత్రం నాకు చెప్పాలి. పేర్లతో సహా."

"పేర్లెందుకు సార్?"

"ధన్యవాదాలు చెప్పుకోవద్దూ?" అని ఆమె కాంట్రాక్టు కాగితాన్ని బల్ల మీద ఈ చివర నుంచి ఆ చివరకు జరిపారు.

*

మొదట లాండ్రీకి వెళ్ళారు. ఊళ్ళోని హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రుల దుప్పట్లు ఉతికేది అక్కడే. మేనేజరు గేటు దగ్గరే ఎదురొచ్చి అందరినీ పైఅంతస్తు గదిలోకి తీసుకెళ్ళాడు. అక్కడ కొత్త చొక్కాలు వేసుకున్న కార్మికులు కొందరు గోడ వారగా కూర్చుని ఉన్నారు. మడతలు చూస్తే చొక్కాలు ఆ పొద్దున్నే పెట్టెలోంచి తీసినట్టున్నాయి.

"మీకు సంఘం ఉందా?" అని పెద్దాయన అడిగారు.

"మాకు మేనేజరు గారున్నారండీ" అన్నాడు మొదటివాడు.

"సమస్యలేమైనా?"

"సమస్యలుంటే బాగుండునండీ, చెప్పుకునేవాళ్ళం" అన్నాడు రెండోవాడు. అంతవరకే నేర్పించినట్టున్నారు, తర్వాత ఎవరూ నోరు విప్పలేదు.

టీ వచ్చింది. దుబాసి తన కప్పు వెనక్కి ఇచ్చి చక్కెర లేకుండా తెమ్మంది. పెద్దాయన కిటికీలోంచి ఆవిరి చూస్తున్నారు. సమావేశం ముగిసింది. కరచాలనాలు, ఫొటోలు. అందరూ గేటు దాకా వచ్చాక ఆయన జేబులు తడుముకున్నారు.

"నా గొడుగు."

"ఎవరినైనా పంపుతాను" అన్నాడు మేనేజరు.

"ఎక్కడ పెట్టానో నాకే తెలియదు. వాళ్ళకెలా తెలుస్తుంది?" అన్నారు పెద్దాయన.

మేనేజరు పరిశీలనగారి వైపు చూశాడు. పరిశీలనగారు ఎండ వైపు చూశారు, కారులోని చల్లదనం వైపు చూశారు. "అమ్మాయ్, నువ్వు వెళ్ళు తోడుగా. తొందరగా తెమలాలి" అన్నారు. మేనేజరును మాత్రం కారు దగ్గరే నిలబెట్టి అతని మర్యాదల్లో లోపాలు లెక్కపెట్టసాగారు.

పెద్దాయన మెట్లెక్కలేదు. తిన్నగా కింద ఇస్త్రీ హాల్లోకి నడిచారు.

"మనం ఇటు రానేలేదండీ" అంది దుబాసి.

"వచ్చినట్టు గుర్తు" అన్నారాయన.

హాలంతా ఆవిరి. తడి దుప్పట్లను వేడి రోలర్ల మధ్యకు తోస్తూ ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ముంజేతుల మీద కాలిన మచ్చలు. పెద్దాయన బల్లల కింద వంగి చూడసాగారు. ఒక ముసలి దొర మోకాళ్ళ మీద పాకుతుంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు?

"ఏం పోయింది తల్లీ ఈయనకి?" అని అడిగింది వాళ్ళలో పెద్దావిడ. అందరూ ఆమెను ఇస్త్రీ పెద్దమ్మ అంటున్నారు.

"గొడుగు."

"ఈ ఆవిర్లో గొడుగేంటి, మా వాన గొడుక్కి ఆగదు." ఆమె కూడా పక్కనే వంగింది. వంగి, గొంతు తగ్గించింది. "ఈయనేనా చట్టాలు చూడ్డానికొచ్చినాయన?"

"అవును."

"అయితే చెప్పు. సంఘం కావాలంటే సభ్యుల పేర్లు రాసి ముందు యజమానికి చూపించాలంట, ఆయన సంతకం పెట్టాలంట. చూపించాం. సంతకానికి ముందే ఆ పేర్లున్నవాళ్ళని పన్లోంచి తీసేశాడు. తర్వాత, మీకు కావలసినంత మంది సభ్యుల్లేరు కదా, సంఘం ఎలా ఇస్తాం అన్నారు కార్మికశాఖ వాళ్ళు. దొంగకి తాళంచెవిచ్చి, వాడొచ్చి పోయాక ఇంట్లో సామానేదీ అని మనల్నే అడిగినట్టుంది."

దుబాసి చెప్పింది. బల్ల కింది నుంచి పెద్దాయన మరో ప్రశ్న అడిగారు. బల్ల కిందికి మరో ఇద్దరు వంగారు. గొడుగు వెతకడానికి ఇంతమంది సాయం పట్టడం దుబాసి ఎన్నడూ చూడలేదు.

గొడుగు చివరికి పైఅంతస్తు గదిలోనే దొరికింది, ఆయన కూర్చున్న కుర్చీకే తగిలించి.

సాయంత్రం పరిశీలనగారు అడిగారు. "వెనక్కి వెళ్ళినప్పుడు ఎవరైనా మాట్లాడారా?"

"గొడుగు ఎక్కడుందని అడిగాం సార్. వాళ్ళు కూడా వెతికారు." అబద్ధం కాదు. నిజమంతా కూడా కాదు.

"అంతసేపా? వెతికేటప్పుడు దిక్కులు చూస్తుంటే ఏం దొరుకుతుంది? ఇంకోసారి ఆయనేదైనా పారేసుకుంటే తల దించుకుని శ్రద్ధగా వెతుకు. దొరికేదాకా తల ఎత్తొద్దు."

"అలాగే సార్."

ఆమె గది దాటేలోపే ఆయన ఫోనెత్తి, పెట్టె, పూలగుత్తి, గొడుగు కథ పై కార్యదర్శికి వినిపించడం మొదలుపెట్టారు. మర్నాటికి అది శాఖంతా పాకింది. లిఫ్టులో ఇద్దరు కలిస్తే చాలు, ఇవాళ ఏం పోయిందట అని పలకరించుకున్నారు. అంత చాదస్తపు మనిషిని పంపిన కమిటీని చూసి ఇన్నాళ్ళూ భయపడ్డామా అని ధైర్యం కూడా తెచ్చుకున్నారు.

*

దుబాసి ఇంట్లోనూ అదే వార్త. అత్తగారు తలుపు తీస్తూనే అడిగింది. "ఏమే, ఏం పారేసుకున్నాడు మీ ముసలాయన?"

కోడలు చెప్పింది. రెండో పూట కండువా, హోటల్లో తాళంచెవి, బ్యాంకు ఉద్యోగుల దగ్గర టోపీ. అత్తగారు వంకాయ తరుగుతూ విన్నది. మధ్యలో కత్తిపీట ఆగింది.

"ఎక్కడెక్కడ మర్చిపోయాడన్నావు?"

"అన్నిచోట్లా అత్తయ్యా."

"మీ మంత్రిగారింట్లో విందుకెళ్ళారన్నావుగా. అక్కడ?"

కోడలు ఆలోచించింది. మంత్రిగారింట్లో ఏమీ మరిచిపోలేదు. మేనేజర్ల క్లబ్బులోనూ మరిచిపోలేదు.

అత్తగారు మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. "పెళ్ళికి ముందు మీ మామగారు మా ఇంటికొచ్చినప్పుడల్లా చేతిగడియారం మర్చిపోయేవారు. వీధి చివరిదాకా వెళ్ళి మళ్ళీ వచ్చేవారు. అప్పటికి మా నాన్న లోపలికెళ్ళిపోయేవాడు, నేను తీసుకొచ్చి ఇచ్చేదాన్ని."

"పెళ్ళయ్యాక?"

"ముప్పై ఏళ్ళు కాపురం చేశారు. ఒక్కనాడూ గడియారం మర్చిపోలేదు." ఆమె ముక్కల్ని నీళ్ళలో వేసింది. "అది మతిమరుపు కాదే పిల్లా."

*

బస్సుల మరమ్మతు షెడ్డుకు వెళ్ళిన రోజు దుబాసి ఆయన్ని కొత్త కళ్ళతో చూసింది. షెడ్డు అధికారి గదిలో మళ్ళీ కొత్త చొక్కాలు, మళ్ళీ సమస్యలు లేని మనుషులు. టీ వచ్చింది. పెద్దాయన ఒక కప్పు పక్కకు నెట్టారు. "ఈవిడకు చక్కెర పడదు. వేరే తెప్పించండి."

లాండ్రీలో ఈయన కిటికీలోంచి ఆవిరి చూస్తూ కూర్చున్నారు. అప్పుడు ఆమె ఒక్కసారి అన్న మాట గుర్తుంది.

ఆమె ఆ వాక్యాన్ని తెలుగు చేయలేదు. తనే వెళ్ళి చక్కెర లేని టీ తెచ్చుకుంది.

గేటు దగ్గర ఈసారి కళ్ళజోడు పోయింది. పరిశీలనగారు అప్పటికే కారెక్కి కూర్చున్నారు. "వెళ్ళమ్మా, వెళ్ళు. చెప్పింది గుర్తుందిగా, తల దించుకుని."

ఆమె తల దించుకుని నడిచింది. పెద్దాయన వెనక యార్డులోకి తీసుకెళ్ళారు. మనమిటు రాలేదని ఆమె అనలేదు. అయినా ఆయన, "వచ్చినట్టు గుర్తు" అన్నారు.

యార్డులో ఒక బస్సును గుంపుగా తోస్తున్నారు. తోస్తూ తోస్తూ గోడ దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి వెనక్కి తోసుకొచ్చారు. బస్సు కొత్తగా మెరుస్తోంది.

"దీనికేమైంది?" అని దుబాసి అడిగింది.

"ఏం కాలేదండీ, మంచి బండి" అన్నాడు నూనె చేతుల మెకానిక్కు. తర్వాత ఆమెనూ, పెద్దాయననూ ఎగాదిగా చూసి, ఎందుకనో నమ్మాడు. "ఐదుగురి కంటే ఎక్కువ మంది ఒకచోట చేరితే సభ అంట. సభకి యజమాని అనుమతి కావాలి. బస్సు తోస్తే సభ కాదు, మరమ్మతు. అందుకని మా సమావేశాలన్నీ తోస్తూ చేసుకుంటాం. స్టీరింగు ముందున్నాయన అధ్యక్షుడు."

"ఎవరూ అడగరా?"

"ఊరికే నిలబడితే అడుగుతారు. బస్సు తోస్తుంటే అటువైపే రారండీ, సాయం పట్టమంటామేమోనని."

దుబాసి చెప్పగానే పెద్దాయన కోటు విప్పి ఆమెకిచ్చి, బస్సు వెనక భుజం ఆనించారు. గోడ దాకా వెళ్ళేసరికి జీతంలో కోతల సంగతి అయింది. తిరిగి వచ్చేసరికి సంఘం కార్యదర్శిని మూడుసార్లు దూరపు డిపోలకు బదిలీ చేసిన సంగతి అయింది. ఆయనకు ఆయాసం వచ్చింది. ఏళ్ళ తరబడి ఇన్ని సభలు చూశాను గానీ ఇంత కదలిక ఉన్న సభ చూడలేదన్నారు. అది తెలుగులో చెబితే అధ్యక్షుడు పైకి నవ్వలేక హారను కొట్టాడు.

కోటు మోస్తున్న దుబాసికి పైజేబులో గట్టిగా ఏదో తగిలింది. కళ్ళజోడే. ఆమె దాన్ని అక్కడే ఉంచేసింది.

ఆ సాయంత్రం పరిశీలనగారు తలుపు వేయించారు.

"భుజాన నూనె మరకతో వచ్చాడు. కళ్ళజోడు బస్సు కింద దొరికిందా?"

"పెద్దాయన అంతటా వెతికారు సార్."

"చూడమ్మా, నీకు ఇద్దరు పిల్లలు. నేను చెడ్డవాణ్ణి కాను. లాండ్రీలో ఒకరు, షెడ్డులో ఒకరు. రెండే పేర్లు. ఎల్లుండి ముగింపు సమావేశం. ఆలోగా చెబితే నీ కాగితం మీద సంతకం అయిపోతుంది."

దుబాసి కాసేపు ఆ కాగితం వైపు చూసింది. తర్వాత ఆమెకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది. "పరిశీలిస్తాను సార్."

ఆయనకు ఆ జవాబు నచ్చలేదు. తప్పు పట్టడానికీ వీల్లేకపోయింది.

*

ముగింపు సమావేశం పెద్ద హాల్లో జరిగింది. పై కార్యదర్శి నడిమధ్య కూర్చున్నారు. పెద్దాయన కాగితం చూడకుండా మాట్లాడారు. పేర్లు ముందుగా యజమానికి చూపించాలన్న నిబంధన సంఘాన్ని పుట్టకముందే చంపుతోందన్నారు. ఐదుగురి నిబంధన వల్ల ఈ దేశంలో మంచి బస్సులు అకారణంగా అరిగిపోతున్నాయన్నారు. సెక్షన్లు, ఉపసెక్షన్లు, సవరణ జరిగిన ఏడు, అన్నీ చెప్పారు. దుబాసి ఒక్కో ముక్కా తెలుగు చేసింది.

పరిశీలనగారు లేచారు. "ఈ ఆరోపణలు చేసిందెవరు? పేర్లు తెలిస్తే విచారణ జరిపిస్తాం."

పెద్దాయన ముఖం దిగులుగా పెట్టారు.

"మన్నించాలి. గుర్తు లేదు. మనుషుల ముఖాలే గుర్తుండవు, ఇక పేర్లా? నా సంగతి మీ అందరికీ తెలుసని విన్నాను."

హాల్లో ఎవరో ఫక్కున నవ్వారు. నవ్వింది పై కార్యదర్శే. వారమంతా ఆ కథలు విని కడుపు చెక్కలయ్యేలా నవ్విన మనిషి ఇప్పుడు నమ్మననడం ఎలా? "పెట్టెనే మర్చిపోయిన మనిషి పేర్లేం గుర్తుపెట్టుకుంటాడయ్యా? నువ్వే కదా చెప్పావు" అన్నారు పరిశీలనగారితో.

పరిశీలనగారు దుబాసి వైపు తిరిగారు. "ఈమెకు మతిమరుపు లేదు కదా. చెప్పమ్మా. పక్కనే ఉన్నావు. ఎవరు వాళ్ళు?"

ఆమె ఆ ప్రశ్నను వృత్తి ధర్మంగా ముందు పెద్దాయనకు అనువదించింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. దానర్థం ఆమెకు ఎవరూ అనువదించి చెప్పాల్సిన పని లేదు.

"ముఖాలు చూడలేదు సార్" అంది. "దొరికేదాకా తల ఎత్తొద్దన్నారుగా మీరు. తల దించుకునే వెతికాను. నేల గురించి అడగండి, చెబుతాను. లాండ్రీలో తడిగా ఉంది. షెడ్డులో నూనె."

పై కార్యదర్శి ఈసారి నవ్వు ఆపుకోలేదు. పరిశీలనగారు కూర్చున్నారు.

*

కారు విమానాశ్రయానికి బయల్దేరబోతోంది. పెద్దాయన ఒక కాలు లోపల పెట్టి, జేబులు తడుముకున్నారు. ముందు సీట్లో డ్రైవరు ఇంజను ఆపేశాడు. అప్పటికి అతనికీ అలవాటైపోయింది.

"గొడుగు" అన్నారు పెద్దాయన.

గొడుగు ఆయన చంకలోనే ఉంది. దుబాసి దాన్ని చూసింది, చూడనట్టు ఊరుకుంది. "ఎక్కడ మర్చిపోయారండీ?"

"అనువాదకుల గదిలో."

అనువాదకుల గది నేలమాళిగలో, పాత బీరువాల వెనక ఉంటుంది. కిటికీ లేదు. దాన్ని చూడడానికి అంతవరకూ ఏ అధికారీ రాలేదు, ఏ అతిథీ రాలేదు.

"మీరు ఆ గదికి రానేలేదండీ" అంది.

"వచ్చినట్టు గుర్తు" అన్నారాయన.

పరిశీలనగారు కారు తలుపు పట్టుకుని నిలబడ్డారు. ముగింపు సమావేశం తర్వాత ఆయనకు మాట్లాడే ఓపిక లేదు. చేత్తో, కానివ్వండి అన్నట్టు సైగ చేశారు.

గదిలో మిగతా అనువాదకులు, ఒక అక్కయ్య, ఇద్దరు తమ్ముళ్ళ వయసువాళ్ళు, తలలెత్తారు. "ఏం పోయిందే?" అంది అక్కయ్య. ఆ పాటికి ఈ కథ తెలియనివాళ్ళు లేరు.

"గొడుగు" అంది దుబాసి.

అందరూ ఆయన చంక వైపు చూశారు. ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. అక్కయ్య ముందుగా లేచి, తలుపు దగ్గరికి వేసి, బల్ల కిందికి వంగింది.

ఉన్న ఒక్క మంచి కుర్చీలో పెద్దాయన కూర్చున్నారు. దుబాసి వైపు చూసి ఎదురుచూశారు. ఆమె కూడా అలవాటుగా, ఎవరైనా మాట్లాడితే అనువదిద్దామని ఎదురుచూసింది. ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి అర్థమైంది. ఇప్పుడు మాట్లాడాల్సింది తనే. ఇన్నేళ్ళుగా ఆమె నోట్లోంచి వచ్చిన మాటల్లో తన మాట ఒక్కటీ లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"మా దేశంలో పనిచేసే ప్రతి మనిషికీ" అని మొదలుపెట్టింది, బాగా వచ్చిన వాక్యం కాబట్టి. అక్కడ ఆగి, "మాకు తప్ప" అంది.

మిగతాది దానంతటదే వచ్చింది.

చాలాసేపటికి తలుపు అవతల అడుగుల చప్పుడైంది. పరిశీలనగారి గొంతు వినిపించింది. "ఏమ్మా, విమానం టైమవుతోంది. దొరికిందా లేదా?"

దుబాసి తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"పరిశీలనలో ఉంది సార్."

అడుగుల చప్పుడు కాసేపు అక్కడే ఆగి, మెట్లెక్కి వెళ్ళిపోయింది.

పెద్దాయన వెళ్ళిపోయాక చూస్తే తలుపు వెనక మేకుకి గొడుగు వేలాడుతోంది. పంపిద్దామా అని తమ్ముళ్ళలో ఒకడు అడిగాడు. సాయంత్రం దుబాసి అదే మాట అత్తగారి దగ్గర అంది.

"పిచ్చిదానా, పంపకు" అంది అత్తగారు. "గడియారం పనివాడి చేత పంపించేసి ఉంటే, మీ మామగారు మళ్ళీ ఎందుకొచ్చేవారు?"

దుబాసి కాంట్రాక్టు సంగతి ఇంకా తేలలేదు. మరుసటి ఏడాది ప్రశ్నల్లో కమిటీ కార్మికశాఖ కాంట్రాక్టు అనువాదకుల గురించి కొత్తగా అడిగింది కాబట్టి, జవాబు వెళ్ళేదాకా ఆమెను తీసేయడం బాగుండదని పై కార్యదర్శి అన్నారట. జవాబు పరిశీలనలో ఉంది. ఆ వాక్యాన్ని అనువదించింది కూడా ఆమే, ఈసారి చాలా ఇష్టంగా.

గొడుగు మేకుకే ఉంది. అప్పుడప్పుడు అనువాదకులు నలుగురూ పని ఆపి, తలుపు వేసుకుని, బల్ల చుట్టూ చేరతారు. ఎవరైనా వచ్చి ఏం చేస్తున్నారంటే, పెద్దాయన గొడుగు వెతుకుతున్నామంటారు.